ఆయన రాయని పుస్తకం

జ్వరం తగ్గిన ఉదయం ఇల్లు మామూలుగానే కనిపించింది. వంటింట్లో చెన్నమ్మ బొరుగులను నీళ్లలో తడిపి, పిడికిట పిండి, పళ్లెంలోకి విదిలిస్తోంది. ఉగ్గానికి పెట్టిన తిరగమోత వాసన హాలు దాటి బాల్కనీ దాకా వచ్చింది. గోవిందప్ప ఫోనులో ఎవరికో సైటు దగ్గరికి రమ్మని దారి చెబుతున్నాడు. ప్రగతి నగర్‌లో ఆ ఇంటి బాల్కనీలో నిలబడితే చెరువు కనిపిస్తుంది. హరిత శాలువా కప్పుకొని ఆ నీళ్లవైపే చూస్తోంది. ఒంట్లో వేడి పోయినా, లోపల ఏదో సర్దుకోలేదు.

నిన్నటి సాయంత్రంతో గడువు ముగిసింది. ఎం.ఏ. చరిత్రలో ఆమె రాయవలసింది పూర్వరచనల సమీక్ష. ఎంచుకున్న విషయం మీద ఇంతకుముందు ఎవరు ఏం రాశారు, ఎక్కడ ఒకరితో ఒకరు విభేదించారు, ఎవరూ అడగని ప్రశ్న ఏది అన్నది తేల్చి, తాను నిలబడే చోటు చూపించాలి. అది గట్టెక్కితేనే పరిశోధనకు అనుమతి. హరిత ఎంచుకున్న విషయం హైదరాబాదు చుట్టూ ఉన్న గొలుసుకట్టు చెరువులు ఎందుకు క్షీణించాయన్నది. పుస్తకాలన్నీ చదివింది. నోట్సు రాసుకుంది. ముగింపు మాత్రం రాయలేకపోయింది. ఆ స్థితిలోనే జ్వరం వచ్చి పడింది.

ఈ చదువు వెనక ఒక ఒప్పందం ఉంది. హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం మానేసి చరిత్ర చదువుతానన్నప్పుడు, ఒక్క పేపరు తప్పినా తిరిగి ఉద్యోగంలో చేరాలన్నాడు తండ్రి గోవిందప్ప. ఆనాడు తండ్రికి ఎదురుగా కూర్చొని, దానికి పూచీ నాది అన్నవాడు అన్న గిరీష్.

ఆ గిరీషే ఇప్పుడు బూట్లు చేతపట్టుకొని బాల్కనీలోకి వచ్చాడు.

"లేచినావా? ముఖం కొంచెం తేటపడింది. నీ రివ్యూ నిన్న టైముకు పంపించేసినా. ఇంక దాని ఫికర్ వదిలెయ్."

"ఉన్నది ఉన్నట్టే పంపినావు కదా?"

"ఉన్నది ఉన్నట్టు పంపితే పాసయ్యేదానివా?" గిరీష్ నవ్వాడు. "దానికి తల ఉంది, తోక లేదు. కొంచెం సరిచేసినా."

"సరిచేయడమంటే?"

"చూసుకో. ల్యాప్‌టాప్‌లో ఉంది. థ్యాంక్స్ తర్వాత చెబుదువులే."

హరిత గదిలోకి వెళ్లి తెరిచింది. అందులో తాను రాసిన వాక్యం ఒక్కటీ లేదు.

ఆమె రాసిన ప్రతిలో ఒక పుస్తకానికి ఒక పేరా. ఈయన ఈ మాట చెప్పారు. తర్వాతి పేరాలో ఆమె ఆ మాట చెప్పారు. పంక్తి భోజనంలో కూర్చున్నవాళ్లలా అందరికీ సమానంగా విస్తరి, సమానంగా వడ్డన. పక్కవాడి ముఖం ఎవరూ చూడరు. ఇప్పుడు తెరమీద ఉన్నది అలా లేదు. వాదాలు ఎదురెదురుగా నిలిచాయి. వాక్యాలు నునుపుగా జారుతున్నాయి. చివర ముగింపు కూడా ఉంది. చదువుతున్నంతసేపూ ఆమెకు మొదట కలిగింది కోపం కాదు, అసూయ.

ఆధారాల దగ్గరికి వచ్చేసరికి ఆమె చూపు ఆగిపోయింది. తమ ఆచార్యులు విశ్వేశ్వరరావు పేరుతో అక్కడ ఒక పుస్తకం ఉంది. పేరు గంభీరంగా ఉంది. ప్రచురణ సంవత్సరం ఉంది. పేజీ సంఖ్య ఉంది. ఆయన రచనలన్నీ చదివిన హరితకు ఆ పుస్తకం తెలియదు.

యూనివర్సిటీ లైబ్రరీ జాబితాలో వెతికింది. లేదు. ఇతర గ్రంథాలయాల జాబితాలలో వెతికింది. లేదు. పక్కన ఉన్న మరో పుస్తకం కోసం చూసింది. అదీ లేదు. దాని కింద ఉన్న వ్యాసం పేరు కొట్టింది. ఆ రచయిత ఉన్నాడు, ఆ పత్రిక ఉంది, ఆ వ్యాసం మాత్రం ఎక్కడా లేదు. జ్వరంలో కూడా పట్టని చెమట ఇప్పుడు పట్టింది.

హాల్లోకి వచ్చేసరికి తండ్రీ కొడుకులు పళ్లేల ముందు కూర్చొని ఉన్నారు.

"అన్నా, దీన్ని ఎవరు రాసినారు?"

"ఏఐ మెషిన్‌తో రాయించినా. దాంట్లో తప్పేముంది? మా ఆఫీసులో అందరం అదే చేస్తాం. అది డ్రాఫ్ట్ ఇస్తది, మనం చూస్తాం, పని అయిందని టికెట్ క్లోజ్."

"నువ్వు చూసినావా?"

"చరిత్ర గురించి నాకేం తెలుసు, చూడడానికి?"

"ఇందులో పుస్తకాలు లేవు."

"అన్ని పేర్లున్నాయి కదా కింద."

"పేర్లున్నాయి. పుస్తకాలు లేవు. మా సార్ రాయని పుస్తకాన్ని ఆయనే రాసినాడని ఆయనకే పంపినావు."

గిరీష్ తీయబోయిన ముద్ద పళ్లెంలోనే ఉండిపోయింది. తల్లి చెన్నమ్మ వంటింటి గుమ్మంలోంచి అందరినీ ఒకసారి చూసింది.

"తిన్నాక కొట్లాడుకోండి. బొరుగులు చల్లారితే సాగుతాయి."

గోవిందప్ప నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "పంపింది పంపినారు. ఎంతమంది పిల్లోల్లవి చదవాల ఆయన? పైపైన తిప్పి మార్కులేస్తాడు. నువ్వు గమ్మునుండు పాపా."

"ఆయన పేరు ఆయనకు కనపడదా నాన్నా?"

"కనపడితే అప్పుడు చూద్దాం. ఇప్పుడే పోయి నెత్తిన చెయ్యి పెట్టుకుంటావా ఏంది?"

హరిత చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒక పద్ధతి చూసింది. తండ్రి మాట చెప్పాక ఎవరూ మరో మాట చెప్పరు. నచ్చనిదేదైనా ఉంటే అది అమ్మ దగ్గరికి వెళుతుంది. అమ్మ దానికి పదును తీసి, మెత్తన చేసి, అదను చూసి తండ్రి చెవిన వేస్తుంది. ఈ ఉదయం అంత వ్యవధి లేదు.

"నాన్నా, లింకు డాక్యుమెంట్లు లేని ప్లాటు నువ్వు ఎవరికైనా చూపిస్తావా?"

గోవిందప్ప తలెత్తాడు. "దానికీ దీనికీ ఏమి?"

"అమ్మేవాడికి ఎవరు అమ్మినారు, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, అంతకుముందు ఎవరిది, అన్నీ చూస్తావు. ఒక్క కాగితం తక్కువైతే అడ్వాన్సు ముట్టవు. ఈ చదువులో కూడా అంతే. ఈ మాట ఫలానా పుస్తకం నుంచి తీసుకున్నానని రాయడమంటే నా మాటకు లింకు చూపించడం. అన్న పంపినదాంట్లో వెనక మనిషే లేడు."

గోవిందప్ప చేయి కడుక్కోవడానికి లేచి, కడుక్కోకుండానే నిలబడ్డాడు.

"యాడుంటాడు ఆ సారు?" అన్నాడు చివరకు.

"యూనివర్సిటీలోనే. పొద్దున రూములో ఉంటారు."

"పోయి చెప్పిరా."

"నాన్నా, చెబితే ఫెయిల్ చేస్తారు," గిరీష్ గొంతు పెరిగింది. "దొంగరాత అని రాసేస్తారు. ఈమెను చదివించమని నీ ముందర కూర్చొని మాటిచ్చింది నేను. అందుకే కదా ఇదంతా చేసింది."

"నేను రాయలేననుకున్నావు," అంది హరిత.

"రాయలేవని అనలేదు. ఎన్నాళ్లుగానో చూస్తున్నా. ఒకటి చదువుతావు, మూస్తావు, ఇంకోటి తెస్తావు. ముగించవు. ఎందుకో నాకు తెల్వదు. నీకన్నా తెలుసా?"

హరిత ఇన్నాళ్లూ తనను తాను అడుక్కోకుండా తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే.

కారు గిరీషే నడిపాడు. జె.ఎన్.టి.యు. కూడలి దాటి, హైటెక్ సిటీ అద్దాల భవనాల మధ్యకు వచ్చారు. తన ఆఫీసు మలుపు వచ్చినప్పుడు గిరీష్ దానివైపు చూడకుండా ముందుకు పోనిచ్చాడు. ఫోను రెండు మూడుసార్లు మోగితే తీయలేదు.

"నేనే చెప్తా," అన్నాడు. "నీకు తెలియకుండా చేసిన అంటా. నీమీద రాదు."

"నా మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే కదా."

"జ్వరంలో ఇచ్చినావు."

హరిత కిటికీలోంచి బయటికి చూసింది. పాస్‌వర్డ్ ఇచ్చిన క్షణాన్ని జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించింది. ఉన్నది ఉన్నట్టే పంపమని చెప్పిన మాట నిజం. అన్న ఉన్నది ఉన్నట్టు ఉంచే మనిషి కాదని తనకు తెలుసన్నదీ నిజమే. కళ్లు మూసుకుంటూ, తాను లేచేసరికి ఎవరో ఒకరు ముగింపు రాసి ఉంటే బాగుండునని అనుకోలేదా? మనసులో మెదిలిన కోరికకు కూడా మనిషి జవాబుదారు అవుతాడా? అవుతాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది.

విశ్వేశ్వరరావు గది తలుపు తెరిచే ఉంది. బల్లమీద ఒక ప్రతి. దానిమీద పెన్సిలు. ఒక పేరు కింద గీత. దూరం నుంచే అది ఏ పేరో హరితకు అర్థమైంది.

"రండి," అన్నారాయన. "జ్వరమని విన్నాను. ఎలా ఉంది?"

"తగ్గింది సార్." ఆమె కూర్చోలేదు. "సార్, అది నేను రాసింది కాదు."

"ఈ పుస్తకం నేను రాసి ఉంటే బాగుండేదమ్మా. పేరు బాగా కుదిరింది."

ఆయన నవ్వలేదు. గిరీష్ ముందుకొచ్చి, తడబడుతూ జరిగినదంతా చెప్పాడు. తప్పు తనదన్నాడు. చెల్లెలికి ఏమీ తెలియదన్నాడు.

"పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను సార్," అంది హరిత. "ఇలా జరగవచ్చని నాకు లోపల తెలుసేమో. తెలియదని చెప్పలేను."

ఆయన గిరీష్‌తో, "మీరు కాసేపు బయట కూర్చోండి బాబూ," అన్నారు.

హరిత తన అసలు ప్రతిని బ్యాగులోంచి తీసి ఇచ్చింది. పేజీలు తిప్పుతున్న వేళ్లనుబట్టి ఆయన అభిప్రాయం ఊహించడానికి ప్రయత్నించి, ఊహించలేక, ఆమె గోడమీది పటం చూసింది. అందులో చెరువులు ఒకదానికొకటి నీళ్లు అందించుకుంటూ వరసగా ఉన్నాయి.

"ఇందులో అబద్ధం లేదు," అన్నారు విశ్వేశ్వరరావు. "కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమూ లేదు. మొదటాయన ఏమంటాడు?"

"ఊరివాళ్లు చెరువును తామే చూసుకున్నంత కాలం బాగుందనీ, పాలకుల అజమాయిషీలోకి పోయాక పాడయిందనీ అంటారు సార్."

"రెండో ఆమె?"

"ఊరంతా కలిసి చూసుకుందన్నది ముచ్చటగా చెప్పుకునే మాటేనంటారు. మట్టి మోసింది వెట్టిచేసినవాళ్లు, నీళ్లు పారింది పెద్దల పొలాలకు అని."

"అంటే ఆయన మాట ఈమె ఒప్పుకోవడం లేదు."

"ఒప్పుకోవడం లేదు సార్."

"ఆ వాక్యం మీ ప్రతిలో లేదు. ఎందుకు?"

"ఇద్దరూ పెద్దవాళ్లు సార్."

"పెద్దవాళ్లే. అందుకే వాళ్ల తగాదా విలువైనది. దాన్ని దాచిపెట్టడం గౌరవం కాదు. వాళ్లు ఏ ప్రశ్న దగ్గర విడిపోయారో అక్కడ మొదలుపెట్టాలి, ఏ పుస్తకం ముందు వచ్చిందన్న దగ్గర కాదు." ఆయన చివరి పేజీ తీశారు. "ఈ మూడో రచయిత్రి ఏమంది? నగరం పెరిగిన కాలంలో చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, ప్లాట్లుగా ఎట్లా మారిందో రాసింది. మధ్యలో భూములు బేరం చేసినవాళ్ల గురించి రాసింది. మీ విషయానికి అన్నిటికన్నా దగ్గరి పుస్తకం ఇదే. దీనికి మీరిచ్చింది నాలుగు వాక్యాలు."

ఆమె తలవంచుకుంది.

"ఎవరి కోపానికి భయపడుతున్నారమ్మా?"

"మా నాన్నగారు ప్లాట్ల వ్యాపారం చేస్తారు సార్."

విశ్వేశ్వరరావు పెన్సిలు కింద పెట్టారు. "జరిగింది పరీక్షల విభాగానికి నేను తెలియజేయాల్సిందే. దాచలేను. మీ అంతట మీరే వచ్చి చెప్పారని కూడా రాస్తాను. సోమవారానికి మీ సమీక్ష మీరు రాసి తెండి. తీసుకుంటారో తీసుకోరో నా చేతిలో లేదు. కానీ రాయండి. మీరెక్కడ నిలబడ్డారో నాకు కనిపించాలి."

ఇంటికి వచ్చాక హరిత హాల్లో నేలమీద కాగితాలు పరిచింది. పుస్తకాల వారీగా కాదు. చెరువు ఎవరిది, దాని పని చేసిందెవరు, నీరెవరికి పారింది, నేల ఎవరి చేతికి పోయింది అన్న ప్రశ్నల వారీగా. ఒక్కొక్క ప్రశ్న చుట్టూ ముగ్గురు నలుగురు రచయితలు చేరారు. ఒకరు అన్నదానికి ఇంకొకరు అడ్డు తగిలారు. అందరూ మాట్లాడటం మొదలయ్యాక గాని, అక్కడ తన కోసం ఒక ఖాళీ ఉందని ఆమెకు కనిపించలేదు.

శనివారం సెలవురోజైనా గిరీష్ ఎక్కడికీ వెళ్లలేదు. లైబ్రరీ పుస్తకాలు ఒళ్లో పెట్టుకొని, ఆమె రాసిన ప్రతి ఆధారాన్నీ వెతికి చూశాడు.

"ఈ పేజీలో ఆ మాట లేదు హరితా."

"ముందు పేజీ కింద చూడు."

"ఆఁ, ఉంది." పుస్తకం దించి మళ్లీ అడిగాడు. "ఈయనకూ ఆమెకూ అంత గొడవేంది? ఇద్దరూ చెరువు మంచిదనే అంటున్నరు కదా."

"ఎవరికి మంచిది అన్నదే గొడవ."

గిరీష్ పుస్తకంమీద వేలు పెట్టుకొని ఆలోచించాడు. "మెషిన్ రాసిందాంట్లో ఇది చదివినట్టు గుర్తు లేదు."

"గుర్తుంటుంది ఎట్లా? నువ్వు చదవలేదు కదా."

"సరే తల్లీ, పొడువు," అని అతడు నవ్వాడు. ఆ నవ్వు ముగియకముందే తలదించుకున్నాడు. "నువ్వు తప్పితే ఆ మాట నాన్న ముందు నేనెట్ల మోస్తాననే చూసిన. నీ సంగతి చూడలే."

హరిత తరువాతి పుస్తకం అతని ఒళ్లో పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నానికి ముగింపు తప్ప అంతా అయింది. గోవిందప్ప సైటు నుంచి వచ్చి, చొక్కా విప్పి, కుర్చీలో వాలాడు.

"అయిందా?" అన్నాడు.

"చివరి పేరా రాస్తున్నా."

"ఏం రాసినావో చదువు. వింటా."

చెన్నమ్మ వంటింట్లో చేస్తున్న పని ఆపిన సంగతి అందరికీ తెలిసింది. ల్యాప్‌టాప్ మూసి, తర్వాత చదువుతానని చెప్పవచ్చు. భూమి వ్యాపారం మాట ఉన్న వాక్యాన్ని వదిలేసి దాని పైది చదవవచ్చు. ఇన్ని నెలలుగా తాను చేస్తున్నది అదే.

"చెరువుల క్షీణతకు గత రచయితలు చెప్పిన కారణాలలో మూడో రచయిత్రి వాదమే నాకు బలంగా కనిపిస్తోంది," అని చదివింది. "శిఖం నేల ప్లాట్లుగా మారడంలో భూమి వ్యాపారం చేసిన మధ్యవర్తుల పాత్రను ముందటివారు గమనించలేదు. ఆ పాత్రను పక్కన పెట్టి ఈ చరిత్రను రాయడం సాధ్యం కాదు."

గోవిందప్ప వాలిన కుర్చీలోంచి తల ఎత్తాడు.

"మధ్యవర్తులంటే మేమే కదా."

"అవును నాన్నా."

"నన్ను ఇంట్లో పెట్టుకొని నా మీదనే రాసినావు."

"నీ ఒక్కడి మీద కాదు."

"రాసినామె సగమే రాసినాది." అతని గొంతు లేచింది. "మేం గీత గీస్తేనే ప్లాటయిపోతాదా? పైన సంతకం పెట్టినోడు ఉండడా? అనుమతులిచ్చినోల్లంతా ఆ తల్లికి అగుపడలేదా? దొరికింది మేమేనా?"

ఆ గొంతు విని పెరిగిన ఇల్లది. గిరీష్ పుస్తకం మూసి లేవబోయాడు. చెన్నమ్మ గుమ్మందాకా వచ్చింది, మాటను చేతుల్లోకి తీసుకోవడానికి. హరిత ఆమెను చూసి, వద్దన్నట్టు తలాడించింది.

"దానికి ఆధారం ఉందా నాన్నా?"

"ఏమి?"

"నువ్వు చెప్పేదానికి. ఆమె తన మాటకు ఆధారాలు చూపించింది. నీ దగ్గరా ఉంటే చూపించు, నేను చదువుతా. లేకపోతే ఇప్పటికి ఆమె మాటే నిలుస్తుంది."

గోవిందప్ప కూతురిని చూశాడు. అతని కనుబొమలు ముడిపడి, మెల్లగా విడిపోయాయి. కుర్చీలో ముందుకు జరిగాడు.

"నాకే ఎదురు చెప్తాండావా పాపా?"

ఆ అడగడంలో కోపం ఉందేమోనని హరిత వెతికింది. తన జీవితమంతా ఎదురు మాటకు అవతల ఏదో తెగిపోయి ఉంటుందని నమ్మింది. ఇప్పుడు ఆ అవతలికి వచ్చి నిలబడితే, అక్కడ తండ్రి కూర్చొని ఉన్నాడు. తన జవాబు కోసం చూస్తున్నాడు. ఆమె కళ్లు నిండాయి.

"చెప్తాండా నాన్నా."

"రేపు వాళ్లు దీన్ని తీసుకోకపోతే?" గుమ్మంలోంచి చెన్నమ్మ మెల్లగా అడిగింది.

"తీసుకోకపోతే మళ్లా రాస్తాది," అన్నాడు గోవిందప్ప, అటు తిరగకుండానే. "వచ్చే ఏడన్నా రాస్తాది. ఉద్యోగం యాడికీ పోదు. కొంచెం గమ్మునుండండి, చదవనీండి."

హరిత చేత్తో కళ్లు తుడుచుకుంది.

"మొదటి నుంచి చదువు," అన్నాడు తండ్రి. "మెల్లగా. నాకు ఒప్పుబడని చోట ఆపుతా."